పండగకూ రేటు కట్టారు!

క్రిస్మస్ తాత పిల్లలందరికీ తాతే కదా! కానీ 2019లో లండన్‌లోని హారోడ్స్ అనే ఖరీదైన అంగడి, తన దగ్గర కనీసం 2,000 పౌండ్లు, అంటే అప్పటి లెక్కన లక్షా ఎనభై వేల రూపాయలకు పైగా, ఖర్చుపెట్టినవారి పిల్లలకే ఆ తాతను చూపిస్తామంది. విమర్శలు రావడంతో, మిగతావారిలో 160 కుటుంబాలకు లాటరీ ద్వారా అవకాశమిచ్చింది.

ఎందుకిలా? చూడాలనుకునేవారు ఎక్కువ, చోటు తక్కువ. అందరికీ లాటరీ తీయవచ్చు. కానీ డబ్బుతో ఏరితే పెద్ద కొనుగోలుదారులు మళ్లీ మళ్లీ వస్తారు. అదీ వ్యాపార రహస్యం!

మనం పెద్దతిప్పసముద్రం నుండి పండగ బట్టలకు టౌనుకు పోతే వినిపించే "ఇంత కొంటే ఒక కూపన్" కూడా ఆ కోవలోదే.

అంగట్లో అది చెల్లవచ్చు. చదువు, వైద్యం దగ్గర చెల్లకూడదు. మేము చదివిన హాస్టల్లో పండగనాడు పాయసం అందరికీ ఒకే గరిటెతో పడేది. ఆ గరిటె కొలతే మనకు ఆదర్శం కావాలి.