ఒకే టికెట్‌పై రెండు బ్యాండ్లు.. స్టేజ్ వెనుక లెక్కలేంటో తెలుసా?

హైదరాబాద్‌లో ఓ శనివారం సాయంత్రం. ఓపెన్ ఎయిర్ వేదిక ముందు ఓ మూడు వందల మంది కుర్రకారు. ముందుగా లోకల్ తెలుగు బ్యాండ్ నలభై నిమిషాలు వాయిస్తుంది. తర్వాత కొచ్చి నుంచి వచ్చిన మలయాళ బ్యాండ్ గంటన్నర పాడుతుంది. రెండూ కొత్త బ్యాండ్లే. రెండింటివీ సొంత పాటలే. సినిమా పాట ఒక్కటి కూడా లేదు.

ఇలాంటి షో ఒకటి జరుగుతోందనుకుందాం. టికెట్ కొన్నవాళ్లకు కనిపించేది రెండున్నర గంటల సంగీతం. కానీ ఆ షో నిలబడాలంటే గడియారం, జీఎస్టీ, కాపీరైట్, సౌండ్ బాక్సులు అన్నీ కలిసి రావాలి. వీటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా నష్టపోయేది ఆ కుర్రాళ్లే. అదెలాగో చూద్దాం.

అసలు ఇండీ బ్యాండ్ అంటే ఏంటి?

ఇండీ అంటే ఇండిపెండెంట్. సినిమా నిర్మాతో, పెద్ద మ్యూజిక్ కంపెనీయో డబ్బు పెడితే వచ్చిన పాట కాదు. తామే రాసుకుని, తామే ట్యూన్ కట్టుకుని, తామే రికార్డ్ చేసుకున్న పాట. హీరో ఉండడు, సన్నివేశం ఉండదు. పాటే అన్నీ.

దక్షిణాదిలో ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. కేరళలో మదర్‌జేన్ 1990ల నుంచే ఉంది. అవియల్ బ్యాండ్ 2008లో మలయాళంలోనే రాక్ ఆల్బమ్ తెచ్చింది. బెంగళూరు బ్యాండ్ అగం కర్ణాటక సంగీతాన్ని రాక్ గిటార్లతో కలిపింది. త్యాగరాజ కృతులు కూడా వాళ్ల స్టేజ్ మీద వినిపిస్తాయి. అంటే మలయాళీ గాయకుడు బెంగళూరులో పాడినా, ఆ పాట మన తెలుగే. కొచ్చిలో 2016లో మొదలైన వెన్ చాయ్ మెట్ టోస్ట్ బాంజోతో ఇంగ్లిష్, మలయాళ పాటలు కలిపి పాడుతుంది. చెన్నైలో 2018 జనవరిలో తొలి కచేరీ ఇచ్చిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ అయితే గానా పాటలు, పరై డప్పు, ర్యాప్ కలిపి కులం గురించి సూటిగా మాట్లాడింది. దర్శకుడు పా రంజిత్, సంగీతకారుడు టెన్మా దాని వెనుక ఉన్నారు.

మరి తెలుగులో? హైదరాబాద్ బ్యాండ్ చౌరస్తా 'ఊరెళ్లిపోతా మామ' పాటతో ఊరూరా వినిపించింది. సినిమా లేకుండా కూడా తెలుగు పాట జనంలోకి వెళ్తుందని చూపించింది.

ఇద్దరు కలిసి ఎందుకు?

కారణం సింపుల్. ఖర్చు. కొత్త బ్యాండ్ ఒక్కటే షో పెట్టుకుంటే హాలు నిండదు. సౌండ్, లైట్లు, వేదిక అద్దె మాత్రం నిండినా నిండకపోయినా ఒకటే. రెండు బ్యాండ్లు కలిస్తే ఆ ఖర్చు ఒక్కసారే. పైగా ఎవరి అభిమానులు వాళ్లకు ఉంటారు. తెలుగు బ్యాండ్ కోసం వచ్చినవాళ్లు మలయాళ బ్యాండ్ వింటారు, వాళ్ల కోసం వచ్చినవాళ్లు వీళ్లను వింటారు. రేపు కొచ్చిలో షో పెడితే ఇదే తిరగబడుతుంది. అక్కడ ముందు పాడేది మనవాళ్లు.

టికెట్ 499 ఎందుకుంటుంది?

ఇలాంటి షోల టికెట్లు చాలాసార్లు 499 రూపాయల దగ్గర ఆగిపోతాయి. చెప్పుల షాపు ధరలా కనిపించినా, దీని వెనుక పన్ను లెక్క ఉంది. సంగీత కచేరీ ప్రవేశ టికెట్ మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. దాటితే 18 శాతం పడుతుంది. 600 టికెట్ పెడితే పన్నుతో 708 అవుతుంది. కాలేజీ కుర్రాడికి 499కి, 708కి చాలా తేడా.

ఇప్పుడు లెక్కేద్దాం. 499 చొప్పున 300 టికెట్లు అమ్ముడైతే వచ్చేది 1,49,700 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. ఇందులోంచే బుకింగ్ సైట్ కమీషన్, సౌండ్ సిస్టమ్ అద్దె, లైట్లు, జనరేటర్, అనుమతులు, సెక్యూరిటీ పోవాలి. కొచ్చి నుంచి ఐదుగురు కళాకారులు, ఒక సౌండ్ ఇంజినీర్ వస్తే ఆరుగురికి రానూపోనూ టికెట్లు, రెండు రోజుల రూములు, భోజనాలు. గిటార్లకు, కీబోర్డుకు లగేజీ ఛార్జీ వేరే. ఇవన్నీ పోయాక మిగిలింది పంచుకోవాలి.

ఈ పంపకంలో ముందుగా పాడే బ్యాండ్‌కు తక్కువ వాటా రావడం మామూలే. కొన్నిచోట్ల అసలు డబ్బే ఉండదు. 'స్టేజ్ ఇస్తున్నాం కదా' అన్న మాటతో సరిపెట్టేస్తారు. రిహార్సల్ గది అద్దె, ఆటో ఖర్చు కూడా కుర్రాళ్ల జేబులోంచే పోతుంది. షో ఒప్పుకునే ముందే ఎంత ఇస్తారు, ఎప్పుడిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవడం అందుకే ముఖ్యం.

సౌండ్ చెక్ తలకిందులుగా ఎందుకు?

చాలామందికి తెలియని విషయం ఇది. సాయంత్రం చివరగా పాడే బ్యాండ్ మధ్యాహ్నం ముందుగా సౌండ్ చెక్ చేసుకుంటుంది. ముందు పాడే బ్యాండ్ చివర చేసుకుంటుంది. ఎందుకంటే చివర చెక్ చేసుకున్నవాళ్ల మైకులు, వైర్లు ఎక్కడివక్కడే ఉంటాయి. షో మొదలవగానే వాళ్లు నేరుగా ఎక్కి వాయించేయొచ్చు.

అయితే ఇందులో ఓ చిక్కుంది. పెద్ద బ్యాండ్ చెక్ ఆలస్యమైతే కోత పడేది చిన్న బ్యాండ్ టైమ్‌కే. గంట ఉండాల్సింది పది నిమిషాలవుతుంది. ఫలితం జనం ముందు తెలుస్తుంది. గాయకుడి గొంతు డ్రమ్స్ కింద మునిగిపోతుంది. విన్నవాళ్లు 'ఈ బ్యాండ్ అంత బాలేదు' అనుకుంటారు. నిజానికి తప్పు పాటది కాదు, మిక్సింగ్‌ది.

డ్రమ్ సెట్, యాంప్లిఫయర్లు సాధారణంగా రెండు బ్యాండ్లకూ కలిపి ఒకే సెట్ తెస్తారు. డ్రమ్మర్ తన సింబల్స్, స్నేర్, పెడల్ మాత్రం వెంట తెచ్చుకుంటాడు. దీనివల్ల మొదటి బ్యాండ్ దిగాక రెండో బ్యాండ్ ఎక్కడానికి ఇరవై నిమిషాలు చాలు. లేదంటే గంట పడుతుంది. గంట ఆగితే జనం ఇంటికి పోతారు.

రాత్రి పది గంటల గండం

ఇక అసలు విలన్ గడియారం. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్ స్పీకర్లు వాడకూడదు. ఆడిటోరియం లాంటి మూసి ఉన్న చోట్లకు మినహాయింపు ఉంది. పండగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించవచ్చు. కానీ అందరికీ ఆ అవకాశం దొరకదు.

షో 7.15కి మొదలైతే మొదటి బ్యాండ్ 7.55కి దిగుతుంది. ఇరవై నిమిషాల గ్యాప్. 8.15కి రెండో బ్యాండ్ ఎక్కితే 9.45కి ముగుస్తుంది. పావుగంట చేతిలో ఉంటుంది. అదే జనం రాలేదని అరగంట ఆలస్యంగా మొదలుపెడితే? లెక్క 10.15కి చేరుతుంది. అంటే పావుగంట కోత. పాటకు ఐదు నిమిషాలు వేసుకున్నా మూడు పాటలు గల్లంతు. చివర్లో ఉండేవి బ్యాండ్‌కు పేరు తెచ్చిన పాటలే. ఏడు వందల మైళ్లకు పైగా రైలెక్కి వచ్చి, ఆ పాట పాడకుండా వెనక్కి వెళ్లాల్సి వస్తుంది. అలా కాకూడదంటే ఒకటే దారి. ముందు పాడే బ్యాండ్ పాటలు కోసేస్తారు.

'అన్నా.. ఒక్క సినిమా పాట!'

ప్రతి షోలోనూ వెనుక వరుసలోంచి ఈ కేక వస్తుంది. అడిగినవాళ్ల తప్పేం లేదు. మనకు పాట అంటే సినిమానే. కానీ బ్యాండ్‌కు ఇది చిన్న ప్రశ్న కాదు.

మొదటిది చట్టం. వేరేవాళ్ల పాటను టికెట్ పెట్టిన షోలో పాడాలంటే రచయిత, సంగీత దర్శకుల హక్కులకు సంబంధించిన లైసెన్స్ కావాలి. ఐపీఆర్ఎస్ సంస్థ ఈ రాయల్టీ వసూలు చేసి తన సభ్యులకు పంచుతుంది. సొంత పాటలు రాసుకునే బ్యాండ్ సభ్యులు కూడా అందులో చేరితే తమ పాటలకూ వాటా రావచ్చు. త్యాగరాజ కృతికి మాత్రం ఈ గొడవ లేదు. రచయిత మరణించిన 60 ఏళ్ల తర్వాత మన దేశంలో కాపీరైట్ ముగుస్తుంది. ఆయన 1847లోనే కన్నుమూశారు.

రెండోది గుర్తింపు. సినిమా పాట పాడితే చప్పట్లు ఆ పాటకు. సొంత పాట పాడితే చప్పట్లు బ్యాండ్‌కు. సొంత పాట ఎంత విలువైన ఆస్తో 2022లో అందరికీ అర్థమైంది. 'కాంతార'లోని 'వరాహ రూపం' తమ 'నవరసం' పాటను పోలి ఉందంటూ కేరళ బ్యాండ్ తైక్కుడం బ్రిడ్జ్ కోర్టుకెక్కింది. సినిమా బృందం ఆ ఆరోపణను ఖండించింది. కోజికోడ్ కోర్టు ఆ పాట వాడకాన్ని మొదట తాత్కాలికంగా ఆపింది. ఓటీటీలోకి వచ్చినప్పుడు కొన్ని రోజులు వేరే ట్యూన్ వినిపించింది. కేసు తర్వాత రకరకాల మలుపులు తిరిగింది. కానీ దేశమంతా హిట్ కొట్టిన సినిమాను ఒక బ్యాండ్ నిలదీయగలిగిందంటే కారణం, వాళ్లకంటూ ఓ పాట ఉండటమే.

చివరికి దారి సినిమాకేనా?

చాలామంది విషయంలో అవుననే చెప్పాలి. తైక్కుడం బ్రిడ్జ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన గోవింద్ వసంత తమిళ '96'కు, దాని తెలుగు రీమేక్ 'జాను'కు సంగీతం ఇచ్చారు. చౌరస్తా రామ్ మిరియాల 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాట పాడారు, 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌తో మోత మోగించారు. ఇందులో తప్పు పట్టాల్సిందేం లేదు. ఆన్‌లైన్‌లో ఒక్కో వినికిడికి వచ్చేది పైసల్లోనే. ఇల్లు గడవాలి కదా. అయితే సినిమాకు దొరికిన ఆ కొత్త గొంతులు తయారైంది ఇలాంటి స్టేజ్‌ల మీదే. స్టేజ్ ఎండిపోతే రేపు సినిమాకూ కొత్త గొంతు దొరకదు.

అందుకే ఈసారి రెండు బ్యాండ్ల షోకు టికెట్ తీసుకుంటే ఒక్క పని చేయండి. 7.15 అంటే 7.15కే వెళ్లండి. సగం ఖాళీ కుర్చీల ముందు పాడేది ఎప్పుడూ ముందు ఎక్కే బ్యాండే. పైగా మీ రాక కోసమే నిర్వాహకులు షో ఆలస్యం చేస్తారు. ఆ ఆలస్యంలో కోత పడేది వాళ్ల పాటలకే.