కొత్త ఎలక్ట్రిక్ కారుకు ఏ కాలం టైర్లు?

అమెరికాలో ఎలక్ట్రిక్ కారు కొనబోయే మనవాళ్ళు ముందుగా అడిగేవి మూడు: ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుంది, బ్యాటరీకి ఎన్నేళ్ళ వారంటీ, ఇంట్లో చార్జరు పెట్టించడానికి ఎంతవుతుంది. టైర్ల సంగతి ఎవరూ అడగరు. చక్రం సైజు ఎంచుకున్నప్పుడే అది కూడా తేలిపోతుంది. టెస్లా మోడల్ 3నే తీసుకోండి. చాలాకాలం పాటు అక్కడ 18 అంగుళాల చక్రాలతో ఆల్‌సీజన్ టైర్లు, 20 అంగుళాల చక్రాలున్న పెర్ఫార్మెన్స్ రకంతో సమ్మర్ టైర్లు వచ్చాయి. పెద్ద చక్రం అందంగా ఉందని ఎంచుకున్నవాళ్ళు, దాంతోపాటు వేరే రకం రబ్బరును కూడా ఎంచుకున్నట్టే. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సెప్టెంబరులో చేతికొచ్చిన కారు డిసెంబరు తెల్లవారుజామున బ్రేకు వేసినప్పుడు ఎలా ఆగుతుందన్నది ఆ ఎంపికను బట్టే ఉంటుంది.

పేరులో కాలం, అసలు సంగతి వేడిమి

సమ్మర్ టైరు అనగానే ఎండలో, పొడి రోడ్డు మీద మాత్రమే పనికొచ్చేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. వెచ్చని వాతావరణంలో కురిసే వానలో అన్నిటికంటే బాగా పట్టు నిలిపేది మంచి సమ్మర్ టైరే. దాని లోతైన గాడులు నీటిని పక్కలకు తోసేస్తాయి, మెత్తని రబ్బరు తడి రోడ్డు గరుకును అంటిపెట్టుకుంటుంది. దానికి గిట్టనిది వాన కాదు, చలి. వాతావరణం సుమారు 7 డిగ్రీల సెల్సియస్, అంటే 45 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగితే ఆ రబ్బరు బిగుసుకుపోవడం మొదలవుతుంది. మంచు పడాల్సిన పనిలేదు, రోడ్డు పొడిగా ఉన్నా పట్టు తగ్గుతుంది. గడ్డకట్టే చలి మరీ ముదిరితే రబ్బరు పగుళ్ళు కూడా ఇస్తుందనీ, అలాంటప్పుడు ఆ టైర్లున్న కారును కదిలించవద్దనీ టైర్ల కంపెనీలే హెచ్చరిస్తాయి.

రబ్బరు ఎందుకిలా చేస్తుంది? రబ్బరంటే పొడవాటి అణువుల గొలుసులు చిక్కుపడి ఉన్న పదార్థం. గంధకంతో ఉడికించినప్పుడు ఈ గొలుసుల మధ్య అక్కడక్కడ ముడులు పడతాయి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న వల్కనైజేషన్ ఇదే. ముడికీ ముడికీ మధ్య గొలుసులు స్వేచ్ఛగా మెలికలు తిరుగుతూ ఉంటాయి కాబట్టే రబ్బరు సాగి, మళ్ళీ మొదటి ఆకారానికి వస్తుంది. చల్లబడేకొద్దీ ఆ కదలిక మందగిస్తుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర పూర్తిగా ఆగిపోయి, రబ్బరు గాజులా పెళుసవుతుంది. ప్రకృతిసిద్ధమైన రబ్బరుకు ఇది సున్నాకు 70 డిగ్రీల కింద జరుగుతుంది. టైర్లలో వాడే కృత్రిమ రబ్బర్లలో చాలావాటికి అంతకంటే తక్కువ చలిలోనే జరుగుతుంది.

చల్లబడిన రబ్బరు ఎంత ప్రమాదమో ప్రపంచమంతా ఒకసారి చూసింది. 1986 జనవరి 28న చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయి ఏడుగురు చనిపోయారు. ఆ ఉదయం చలికి రాకెట్ అతుకుల్లోని రబ్బరు రింగులు బిగుసుకుపోవడమే కారణం. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఫిబ్రవరి 11న అందరి ముందూ ఆ రబ్బరు ముక్కను చిన్న క్లాంపుతో నొక్కి, గ్లాసులోని ఐసు నీళ్ళలో ముంచాడు. బయటికి తీసి క్లాంపు వదిలితే అది వెంటనే పూర్వపు ఆకారానికి రాలేదు. టైరు రబ్బరు వేరే రకమే అయినా, చలికి లొంగే తీరు అదే.

పట్టుకీ పొదుపుకీ మధ్య పోటీ

ఇక్కడొక సందేహం రావాలి. రబ్బరు గాజులా మారేది సున్నాకు ఎంతో దిగువన కదా, మరి సున్నాకు 7 డిగ్రీల పైనే పట్టు ఎందుకు తగ్గుతుంది? జవాబు వేగంలో ఉంది. బ్రేకు వేసినప్పుడు టైరు రబ్బరు రోడ్డు మీది సన్నని గరుకు మీదుగా జారుతూ సెకనుకు వేలసార్లు, కొన్నిచోట్ల లక్షలసార్లు నొక్కుకుపోతుంది. గొలుసులకు మెలిక తిరిగే వ్యవధి ఉండదు. అంత వేగంగా నొక్కితే రబ్బరు తన అసలు ఉష్ణోగ్రత కంటే ఎంతో చల్లగా ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. విలియమ్స్, లాండెల్, ఫెర్రీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1955లో ఈ సంబంధాన్ని సమీకరణంగా రాశారు. చేతికి మెత్తగా తగిలే టైరు కూడా రోడ్డు గరుకు దగ్గర గట్టిగా ఉండవచ్చు.

పట్టు పుట్టేదీ అక్కడే. గరుకు మీద నొక్కుకున్న రబ్బరు తిరిగి లేచేటప్పుడు, తీసుకున్న శక్తినంతా ఇచ్చేయదు. కొంత వేడిగా పోతుంది. బ్రేకు వేసినప్పుడు ఈ నష్టమే కారును ఆపుతుంది. అయితే టైరు మామూలుగా దొర్లుతున్నప్పుడు కూడా అడుగుభాగం నలిగి లేస్తూ శక్తిని పోగొట్టుకుంటుంది, బ్యాటరీని తినేస్తుంది. అంటే మనకు కావాల్సింది బ్రేకు వేసినప్పుడు శక్తిని బాగా నష్టపోయే రబ్బరు, దొర్లేటప్పుడు దాదాపు నష్టపోని రబ్బరు. రెండూ ఒకే టైరులో ఎలా?

ఇక్కడే పై సూత్రం ఆదుకుంటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు చక్రం సెకనుకు 13 చుట్లు తిరుగుతుంది. అంటే దొర్లేటప్పుడు రబ్బరు నలిగేది సెకనుకు 13 సార్లే. జారేటప్పుడు వేలసార్లు. ఈ తేడాను ఉష్ణోగ్రతలోకి మార్చి, ప్రయోగశాలలో రబ్బరును 60 డిగ్రీల దగ్గర పరీక్షిస్తే దొర్లుడు నష్టం, సున్నా డిగ్రీల దగ్గర పరీక్షిస్తే తడి రోడ్డు మీది పట్టు అంచనాకు వస్తాయి. ఒకచోట నష్టం తగ్గించి, మరోచోట పెంచడం రసాయన శాస్త్రజ్ఞుల పని. 1990ల ఆరంభంలో మిషెలిన్ కంపెనీ కార్బన్ మసి స్థానంలో చాలావరకు సిలికాను కలపడంతో ఇది సాధ్యపడింది. తక్కువ కరెంటుతో ఎక్కువ దూరం పోయే నేటి టైర్లన్నీ దాని సంతతే.

రేంజి మీద టైరు ప్రభావాన్ని లెక్కవేసి చూద్దాం. 2,000 కిలోల కారుకు దొర్లుడు నిరోధం గుణకం 0.008 ఉన్న టైర్లు వేస్తే 100 కిలోమీటర్లకు ఆ నిరోధం కింద సుమారు 4.4 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. గుణకం 0.010 అయితే 5.4 యూనిట్లు. అంతదూరానికి మొత్తం 17 యూనిట్లు తాగే కారుకు ఈ ఒక్క యూనిట్ తేడా ఆరు శాతం, అంటే 400 కిలోమీటర్ల రేంజిలో పాతిక కిలోమీటర్లు. అయితే ఈ తేడా సమ్మరా ఆల్‌సీజనా అన్న పేరు మీద కంటే, ఏ మోడల్ టైరు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

బరువు ఎక్కువ, తొందర ఎక్కువ

ఎలక్ట్రిక్ కారు అదే సైజు పెట్రోలు కారు కంటే కొన్ని వందల కిలోలు బరువు. రెండు టన్నుల కారు టైర్లలో 42 పీఎస్‌ఐ గాలి ఉందనుకుంటే, ఒక్కో టైరు నేలను తాకే మేర సుమారు 170 చదరపు సెంటీమీటర్లు. పెద్దవాళ్ళ అరచేయి, వేళ్ళతో సహా, అంతే ఉంటుంది. అలాంటి నాలుగు అరచేతుల మీదే కారు ఆగాలి, తిరగాలి, పరుగందుకోవాలి. పైగా పెడలు తొక్కిన క్షణంలోనే ఎలక్ట్రిక్ మోటారు పూర్తి బలం చూపిస్తుంది కాబట్టి టైర్లు త్వరగా అరుగుతాయి.

మరొకటి గమనించాలి. పెడలు మీద నుంచి కాలు తీస్తే మోటారు జనరేటరుగా మారి కారును నెమ్మదింపజేస్తుంది. మోటారు వెనక చక్రాలను మాత్రమే తిప్పే కారులో ఆ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. చలికి బిగుసుకున్న టైర్లతో మంచు మలుపులో కాలు ఠక్కున తీస్తే వెనక భాగం పక్కకు జారే ప్రమాదం ఉంది. కారులోని స్థిరత్వ వ్యవస్థ సర్దడానికి ప్రయత్నిస్తుంది, కానీ లేని పట్టును అది సృష్టించలేదు.

పట్టులో చిన్న తేడా ఎంత దూరం పోతుందో చూడండి. రెండు కార్లు పక్కపక్కన గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తూ ఒకేసారి బ్రేకు వేశాయి. ఒకదాని ఘర్షణ గుణకం 0.9, రెండోదానిది 0.8. మొదటిది 44 మీటర్లలో ఆగిపోతుంది. సరిగ్గా అక్కడ రెండోదానికి ఇంకా తొమ్మిదో వంతు శక్తి మిగిలి ఉంటుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, తొమ్మిదో వంతు శక్తి అంటే మూడో వంతు వేగం. మొదటి కారు ఆగిన చోటును రెండోది గంటకు 33 కిలోమీటర్ల వేగంతో దాటిపోతుంది. వేసవిలో సమ్మర్ టైరుది మొదటి కారు పాత్ర, చలికాలంలో రెండో కారు పాత్ర.

అన్ని కాలాలకూ అంటే అన్నిటికీ కాదు

గుడ్‌ఇయర్ కంపెనీ 1977లో టియెంపో టైరును తెచ్చిన తర్వాత అమెరికాలో ఆల్‌సీజన్ టైర్లే మామూలైపోయాయి. వీటి రబ్బరు చలిలో కూడా వంగుతుంది. అడుగున సన్నని చీలికలు చాలా ఉంటాయి. వాటిలో చిక్కుకున్న మంచు రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది. అదే వేసవికి వచ్చేసరికి ఈ చీలికల వల్ల రబ్బరు దిమ్మలు అటూ ఇటూ ఊగి, బ్రేకుకు దూరం కొంచెం ఎక్కువ పడుతుంది.

టైరు పక్కన ఎం+ఎస్ అని ఉంటే బురదకూ మంచుకూ అని అర్థం. కానీ ఆ గుర్తు గాడుల రూపాన్ని బట్టి వేసేదే, మంచులో పరీక్షించి ఇచ్చేది కాదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు ఉన్న బొమ్మ వేరు. 1999లో వచ్చిన ఈ గుర్తు మంచు మీద పరీక్షలో నెగ్గిన టైర్లకే దక్కుతుంది. జర్మనీలో మంచు, గడ్డకట్టిన రోడ్ల మీద నడపాలంటే 2024 అక్టోబరు నుంచి ఈ కొండ గుర్తున్న టైర్లే చెల్లుతాయి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు తప్పనిసరి.

ఇక గాజులాంటి మంచుపొర మీద ఆల్‌సీజన్ కూడా ఏమీ చేయలేదు. అక్కడ ఘర్షణ గుణకం 0.1 దాకా పడిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి దాదాపు 100 మీటర్లు కావాలి. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో అలాంటి పొర కమ్మిన రహదారి మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకొని ఆరుగురు చనిపోయారు. అలాంటి రోజున ఇంట్లో ఉండడమే మేలు.

మరి ఏది కొనాలి?

మీ ఊరి సగటు చలిని కాదు, మీరు తప్పనిసరిగా బండి తీయాల్సిన అతి చల్లని ఉదయాన్ని లెక్కలోకి తీసుకోండి. ఎడిసన్, షికాగో, బోస్టన్ లాంటి చోట్ల ఒకే సెట్టు ఏడాదంతా నడపాలంటే కొండ గుర్తున్న ఆల్‌సీజనే సరి. స్తోమత, దాచుకునే చోటు ఉంటే సమ్మర్ ఒక సెట్టు, వింటర్ ఒక సెట్టు అన్నిటికంటే మంచిది. రెండూ వంతులవారీగా అరుగుతాయి కాబట్టి ఆ డబ్బు వృథా కాదు. డాలస్‌లో శీతాకాలం ఉదయాలు 7 డిగ్రీల కింద ఉండడం మామూలే, అక్కడా ఆల్‌సీజనే నయం. శాన్‌హోసే చుట్టుపక్కల, కొండల్లో మంచు చూడడానికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళకు సమ్మర్ టైర్లు చాలావరకు సరిపోతాయి, చలి ఉదయాల్లో మాత్రం జాగ్రత్తగా నడపాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్ళకు ఈ బెంగ అక్కర్లేదు. ఆదిలాబాద్, లంబసింగి చలి ఉదయాలు తప్ప మన దగ్గర 7 డిగ్రీల కిందికి దిగడం అరుదు. మంచు కోసం కోసిన చీలికలు మన ఎండల్లో త్వరగా అరిగిపోవడం తప్ప వేరే ప్రయోజనం ఇవ్వవు. మనం చూడాల్సినవి తడి రోడ్డు మీది పట్టు, దొర్లుడు నిరోధం, బరువు మోసే శక్తి.

ఎక్కడున్నా టైరు మార్చేటప్పుడు దాని పక్కనున్న బరువు సంఖ్యను కారుతో వచ్చిన టైరు సంఖ్యతో సరిచూసుకోండి. 98 అంటే ఒక్కో టైరు 750 కిలోలు మోస్తుందని. అంతకంటే తక్కువది ధర తగ్గుతుందని వేయించుకోవద్దు. వాతావరణం ప్రతి 5, 6 డిగ్రీలు చల్లబడితే టైరులో ఒక పీఎస్‌ఐ గాలి తగ్గుతుంది కాబట్టి చలి మొదలవగానే గాలి చూపించుకోండి. కొత్త కారు ఆర్డరిచ్చే ముందు చక్రాల బొమ్మతో సరిపెట్టుకోకుండా, దానికి వచ్చే టైరు ఏ రకమో అమ్మేవాళ్ళను అడగండి. సమ్మర్ అని చెబితే, చలి ముదిరాక ఏ టైర్లతో నడపాలో కారు కొనకముందే నిర్ణయించుకోండి.