చిన్న తరగతుల గురువుకు నాలుగేళ్ల డిగ్రీ

ఒకటి నుంచి అయిదో తరగతి దాకా చదువు చెప్పాలనుకునేవారికి ఇంటర్ తర్వాత రెండు దారులున్నాయి. ఒకటి రెండేళ్ల డిప్లొమా. పాతతరం టీటీసీ అనీ, ఆ తర్వాతివాళ్లు డీఎడ్ అనీ పిలిచిన ఆ చదువే ఇప్పుడు డీఎల్‌ఎడ్. రెండోది నాలుగేళ్ల విశ్వవిద్యాలయ డిగ్రీ. మొదటి దారి తెలుగు జిల్లాల్లో ఊరూరా తెలుసు. రెండోదాని గురించి చాలా ఇళ్లలో విననైనా వినలేదు. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం 2030 నాటికి బడిలో బోధించడానికి కనీస అర్హత నాలుగేళ్ల సమీకృత డిగ్రీయే కావాలని లక్ష్యం పెట్టుకుంది. ఇప్పుడు ఇంటర్‌లో ఉండి, చిన్నపిల్లలకు చదువు చెప్పాలనుకునేవారు ఈ మార్పును పట్టించుకోక తప్పదు.

చిన్న తరగతులకు చిన్న చదువు చాలునన్న నమ్మకం పాతది. హైస్కూల్ ఉపాధ్యాయుడికి డిగ్రీ, ఆపైన బీఎడ్ కావాలి. ఎలిమెంటరీ స్కూల్ పంతులుకు ట్రైనింగ్ ఉంటే చాలు. జీతంలోనూ హోదాలోనూ అదే తేడా నడిచింది. 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరుల్లో ప్రాంతీయ విద్యా కళాశాలలు పెట్టి, డిగ్రీనీ ఉపాధ్యాయ శిక్షణనూ కలిపి నాలుగేళ్లు చెప్పడం మొదలుపెట్టినప్పుడు కూడా దృష్టి అంతా హైస్కూల్ మీదే ఉంది. 1986 విద్యా విధానం తర్వాత జిల్లాల్లో ఏర్పడిన డైట్‌లు, అంటే జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, ప్రాథమిక ఉపాధ్యాయుల శిక్షణకు ఒక సొంత చోటు కల్పించాయి. అయినా అక్కడ చదివేది డిప్లొమాయే. ఆ గీత దాటింది ఢిల్లీ విశ్వవిద్యాలయం. 1994లో అది బీఎల్‌ఎడ్ పేరుతో, ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల ఉపాధ్యాయుల కోసమే నాలుగేళ్ల డిగ్రీ ప్రారంభించింది. చిన్నపిల్లలకు బోధించడం విశ్వవిద్యాలయంలో చదవదగిన విద్య అని ఆ కోర్సు చెప్పకుండానే చెప్పింది.

బీఎడ్ ఉంటే సరిపోదా అన్న ప్రశ్న న్యాయస్థానం దాకా వెళ్లింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక, ఒకటి నుంచి అయిదో తరగతి వరకు బోధించడానికి డీఎల్‌ఎడ్ గానీ బీఎల్‌ఎడ్ గానీ ఉండాలనీ, ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పాసవ్వాలనీ జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, నిబంధన పెట్టింది. 2018 జూన్ 28న అదే మండలి బీఎడ్ వారికీ తలుపు తెరిచింది. ఉద్యోగంలో చేరిన రెండేళ్లలోపు ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలన్నది. రాజస్థాన్ హైకోర్టు 2021లో దాన్ని కొట్టేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పునే సమర్థించింది. చిన్నపిల్లలకు నేర్పే పద్ధతుల్లో బీఎడ్ వారికి శిక్షణ ఉండదు. పిల్లలకు ఉన్నది నాణ్యమైన ప్రాథమిక విద్య మీద హక్కు. కాబట్టి ఆ మేరకు శిక్షణ పొందినవారే వారికి కావాలి. తీర్పు సారాంశం ఇది. లక్షలమంది బీఎడ్ అభ్యర్థులకు అది బాధ కలిగించిన మాట నిజమే. పిల్లల వైపు నుంచి చూస్తే మాత్రం ఆ తీర్పు సరైనది.

అంత ప్రత్యేకంగా నేర్చుకోవలసింది ఏముంది? మూడో తరగతి లెక్కల పాఠం ఎవరికి రాదు? ఈ డిగ్రీలో చేరిన విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఎదుర్కొనే ప్రశ్న అది. నూట మూడు రాయమంటే పిల్లవాడు 1003 అని రాస్తాడు. తప్పని కొట్టేయడం ఎవరైనా చేయగలరు. ఆ పిల్లవాడు విన్నది విన్నట్టే రాశాడు: నూరుకు 100, పక్కన 3. వాడికి అంకెలు తెలుసు, స్థానవిలువ ఇంకా తెలియదు. 52 నుంచి 37 తీసేయమంటే 25 అని రాసిన అమ్మాయి రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. ఆమె లెక్కకూ ఒక తర్కం ఉంది. ఆ తర్కాన్ని కనిపెట్టి, పుల్లల కట్టలతోనో చిల్లర డబ్బులతోనో దాన్ని సరిచేయగలగడం లెక్కలు రావడం కంటే వేరైన జ్ఞానం. విషయం తెలియడం ఒకటి, దాన్ని నేర్పడానికి తెలియవలసింది ఇంకొకటి అని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో విడమరచి చెప్పాక, ఉపాధ్యాయ విద్యలో ఈ రెండోదానికి గట్టి పునాది ఏర్పడింది.

బీఎల్‌ఎడ్ మొదటి ఏడాది అందుకే విద్యార్థిని మళ్లీ బడి పాఠాల దగ్గరికి తీసుకెళ్తుంది. గణితం, ప్రకృతి శాస్త్రం, సాంఘిక శాస్త్రం మూలాల నుంచి తిరిగి చదవాలి. భిన్నాల భాగహారంలో రెండో సంఖ్యను ఎందుకు తిరగేస్తామో, రుతువులు ఎందుకు మారతాయో తనకు నిజంగా తెలుసా అని పరీక్షించుకోవాలి. ఇంటర్‌లో తొంభై శాతం తెచ్చుకున్నవారు కూడా ఇక్కడ తడబడతారు. వీటితోపాటు శిశు వికాసం, భాషా స్వభావం, సమకాలీన భారతం పాఠ్యాంశాలుగా ఉంటాయి. నాటకం, చిత్రకళ, చేతిపనులు కాలక్షేపానికి కాదు, అవీ కోర్సులో భాగమే. తర్వాతి ఏడాది పిల్లలను గమనించడం ఒక పనిగా అప్పగిస్తారు: వాళ్లు ఆడేటప్పుడు, పోట్లాడుకునేటప్పుడు, తమలో తాము మాట్లాడుకునేటప్పుడు చూసి రాయాలి. పొట్టి గ్లాసులోని నీళ్లు సన్నటి పొడవాటి గ్లాసులో పోస్తే నీళ్లు ఎక్కువయ్యాయనే అయిదేళ్ల పిల్లల గురించి జీన్ పియాజె చెప్పినది పుస్తకంలో చదవడం వేరు, కళ్లారా చూడడం వేరు. నాలుగో ఏట నెలల తరబడి బడిలో ఉండి తరగతి బాధ్యత తీసుకోవాలి.

తెలుగు చదవడం నేర్పడం ఈ చదువులో ఒక పెద్ద అధ్యాయం కాదగినది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్నీ కలిస్తే పిల్లల కంటికి వందల రూపాలు కనబడతాయి. ప, వ, మ, య లాంటివి ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. వర్ణమాల ఆసాంతం వల్లెవేయించి, గుణింతాలన్నీ దిద్దించి, ఆ తర్వాతే మాటల్లోకి వెళ్లే పద్ధతిలో కొందరు పిల్లలకు అర్థమున్న ఒక్క వాక్యం చదవడానికే రెండేళ్లు పడుతుంది. తెలిసిన మాటల నుంచి మొదలుపెట్టి అక్షరాల్లోకి వెళ్లే పద్ధతి వాళ్లను తొందరగా చదువులోకి లాగుతుంది. అయితే అందులో ఏ అక్షరం ఎప్పుడు వస్తుందో ఉపాధ్యాయుడు జాగ్రత్తగా లెక్క పెట్టుకోవాలి. ఏ పద్ధతి ఏ పిల్లవాడికి ఎక్కడ ఆగిపోతోందో చూసి మార్చుకోవడం శిక్షణ లేకుండా వచ్చేది కాదు.

ఇంటి భాష సంగతి మరింత సున్నితం. ఆదిలాబాద్ పిల్లవాడి తెలుగు, శ్రీకాకుళం పిల్లవాడి తెలుగు, పాఠ్యపుస్తకం తెలుగు ఒకటి కావు. పిల్లవాడు నోరు తెరిచిన ప్రతిసారీ 'అలా అనకూడదు' అంటే వాడు నోరు మూసుకుంటాడు. గోండి, కోయ, సవర ఇంట మాట్లాడే పిల్లలకైతే బడి తెలుగే కొత్త భాష. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపించారు. ప్రాథమిక విద్యలో మాతృభాష స్థానం గురించి నేడు విశ్వవిద్యాలయాలు చెప్పే పాఠాన్ని ఆయన నూరేళ్లకు ముందే చేసి చూపించారు. ప్రాథమిక ఉపాధ్యాయ విద్య చదివే ప్రతి తెలుగు విద్యార్థికీ గిడుగు కృషి పాఠం కావాలి.

పిల్లలు తక్కువగా ఉన్న బడుల పరిస్థితి వేరు. విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులేమో అయిదు. అంటే ఒక్కొక్కరు రెండు మూడు తరగతులను ఒకే గదిలో ఒకే సమయంలో నడపాలి. తెలుగు పల్లెల్లో ఇది నిత్య జీవితం. ఒక వరస పిల్లలకు చదువు చెబుతూ ఇంకో వరసకు పని అప్పగించడం, పెద్ద పిల్లల చేత చిన్నపిల్లలకు నేర్పించడం, పాఠాలను తరగతుల వారీగా కాక స్థాయిల వారీగా కట్టుకోవడం ఒక నైపుణ్యం. చాలా శిక్షణ కళాశాలలు ఇప్పటికీ ఒక గది, ఒక తరగతి, ఒక పాఠం అన్న లెక్కలోనే పాఠ్య ప్రణాళికలు రాయిస్తున్నాయి. ఇది పెద్ద లోపం. ప్రతి శిక్షణ సంస్థకూ అనుబంధంగా ఒక బడి ఉండాలని 2012లో జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ చేసిన సిఫారసు అమలైతే ఈ లోపం చాలావరకు దానంతటదే బయటపడేది.

ఇలాంటి శిక్షణ అవసరం ఎంతటిదో గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలు చూపిస్తున్నాయి. 2024లో గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు నాలుగో వంతుకు కాస్త పైన ఉన్నారు. తప్పంతా ఉపాధ్యాయుల మీద వేయడం అన్యాయం. కానీ చదవడం ఎలా నేర్పాలో లోతుగా తెలిసినవారు ఆ తొలి మూడేళ్లలో పిల్లల పక్కన ఉండడం కంటే నేరుగా పనిచేసే మందు ఇంకొకటి లేదు. అలాంటి లోతైన శిక్షణకు ఉదాహరణ ఫిన్లండ్: అక్కడ 1979లోనే ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు.

2020 విధానం కోరిన నాలుగేళ్ల డిగ్రీ పేరు ఐటెప్, సమీకృత ఉపాధ్యాయ విద్యా కార్యక్రమం. 2023-24లో 57 సంస్థల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. వాటిలో హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఒకటి. ఒక సబ్జెక్టులో డిగ్రీ, దానితోపాటు బీఎడ్ కలిసి ఎనిమిది సెమిస్టర్లలో పూర్తవుతాయి. ప్రవేశం ఎన్‌సీఈటీ అనే జాతీయ పరీక్ష ద్వారా. దాన్ని ఎన్‌టీఏ నిర్వహిస్తుంది, తెలుగులోనూ రాయవచ్చు. ఇందులో చిన్న తరగతులకు సంబంధించినవి రెండు దశలు: మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల పునాది దశ, మూడు నుంచి అయిదో తరగతి వరకు సన్నాహక దశ. ఆరో తరగతి నుంచి ఉన్నవి మాధ్యమిక, ఉన్నత దశలు.

ఈ దశల సంగతి దగ్గరే విద్యార్థులు పొరబడే ప్రమాదం ఉంది. ఐటెప్ అంటే అన్నీ ఒకటే కావు. చాలా సంస్థలు ఉన్నత దశకే కోర్సు నడుపుతున్నాయి. అది చదివి చిన్న తరగతుల ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే బీఎడ్ అభ్యర్థులకు ఎదురైన చిక్కే ఎదురవుతుంది. డిగ్రీ చేతికొచ్చాక కూడా టెట్, ఆ తర్వాత ఉద్యోగ నియామక పరీక్ష డీఎస్సీ తప్పవు. ఒకటి నుంచి అయిదో తరగతి వారికి టెట్ మొదటి పేపర్: శిశు వికాసం, రెండు భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం, ఒక్కొక్కటి ముప్ఫై మార్కులు, మొత్తం 150.

డైట్‌లో డీఎల్‌ఎడ్ చేయడం అలాగని చిన్నతనం కాదు. ప్రవేశ పరీక్ష డీఈఈసెట్ రాసి ప్రభుత్వ డైట్‌లో సీటు తెచ్చుకున్నవారికి ఖర్చు తక్కువ, రెండేళ్లలో అర్హత దక్కుతుంది. ఇల్లు గడవడం కష్టమైన కుటుంబాలకు ఆ రెండేళ్ల తేడా చాలా పెద్దది. డిగ్రీనే తప్పనిసరి చేసే రోజు రావాలంటే ముందు ఆ డైట్‌లనే డిగ్రీ సంస్థలుగా పెంచి, తెలుగు మాధ్యమంలో ఫీజుల భారం లేకుండా నడపాలి. లేకపోతే ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలే ముందు ఈ వృత్తికి దూరమవుతారు.

ఇంటర్ పూర్తిచేసి ఈ డిగ్రీకి దరఖాస్తు పెట్టేవారు కళాశాల భవనాన్నీ ప్రకటననూ చూసి డబ్బు కట్టవద్దు. ఆ సంస్థకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా, అది ఏ దశకు, మొదటి ఏడాది నుంచి ఎన్ని రోజులు బడికి పంపుతారు అన్న మూడు విషయాలు తెలుసుకున్నాకే చేరాలి.