మీకు తెలుసా? కనుబొమలతో జవాబు

పసిఫిక్ ద్వీపదేశం సమోవాలోని పల్లె బడిలో టీచరు 'అర్థమైందా?' అంటే పిల్లలు నోరు విప్పకపోవచ్చు. అప్పుడు చూడాల్సింది వాళ్ల కనుబొమలు. రెండూ ఒక్కసారి పైకి లేచాయంటే 'ఆఁ' అన్నట్టే! కొత్తగా వచ్చిన విదేశీ టీచరు అది గమనించక అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగినా ఆశ్చర్యం లేదు.

అమెరికా 'పీస్ కోర్' వాలంటీర్లు 1967లో సమోవాకు వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లలో చాలామంది పని చిన్నపిల్లలకు ఇంగ్లిష్ చెప్పడం. బస పల్లెలోనే, స్థానిక కుటుంబంతో. సంప్రదాయ ఇల్లు 'ఫాలే'కి గోడలే ఉండవు, చుట్టూ స్తంభాలు, ఎండావానలకు దించుకునే చాపలు. ఒంటరిగా ఉండటం అలవాటైనవాళ్లకు అసలు పరీక్ష ఇదే. పెద్దలు కూర్చున్నచోట నడవాలంటే నడుం వంచి 'తులోవ్' అనాలి, కాళ్లు వాళ్లవైపు చాపకూడదు. చాలా పల్లెల్లో పొద్దుగూకే వేళ గంటో శంఖమో మోగుతుంది. అది 'సా', ప్రార్థన సమయం. అప్పుడు దారిన తిరగకూడదు.

ఆదివారం చర్చి అయ్యాక వేడిరాళ్ల పొయ్యి 'ఉము'లోంచి 'పలుసామి' వస్తుంది: లేత చేమాకుల్లో చిక్కటి కొబ్బరిపాలు పోసి, మూటగట్టి ఉడికించిన వంటకం. మన చేమాకుకు అక్కడ అంత వైభోగం!