వోల్టు తగ్గించే విద్యలో కొల్లాపూర్ ఆచార్యుడు

ట్రాన్సిస్టర్ ఎంత చిన్నదైతే అంత మేలని అందరూ అనుకుంటారు. కాని పరిమాణం నానోమీటర్లకు దిగేసరికి, స్విచ్చి ఆపి ఉన్నప్పుడు కూడ దాని గుండా కొంత విద్యుత్తు కారిపోతూనే ఉంటుంది. సరిగా బిగియని కుళాయి వంటిదే ఇది. కాకపోతే ఒక్క చిప్‌లో ఇటువంటి కుళాయిలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. ఇక చిప్ పనిచేసేటప్పుడయ్యే ఖర్చు వోల్టేజీ వర్గాన్ని అనుసరించి మారుతుంది. వోల్టేజీ సగానికి దించితే ఆ ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది గాని వేగం మందగిస్తుంది.

ఆచార్య వి. రామ్‌గోపాలరావు తొలినాటి పరిశోధన ఈ చిక్కుముడిపైనే సాగింది. పాలమూరు ప్రాంతంలోని కొల్లాపూర్‌కు చెందిన ఆయన కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి 1986లో ఇంజనీరింగ్ పట్టా, బొంబాయి ఐఐటీ నుంచి 1991లో ఎం.టెక్., జర్మనీలోని మ్యూనిక్‌లో 1997లో డాక్టరేటు పొందారు. అమెరికాలో కొంతకాలం పరిశోధన గావించి 1998లో బొంబాయి ఐఐటీలో అధ్యాపకులుగా చేరారు. ట్రాన్సిస్టర్‌లో మాలిన్య పరమాణువులను అంతటా సమంగా కాక ఒక కొసన అధికంగా చేర్చి, తక్కువ వోల్టేజీ వద్దనే వేగం రాబట్టే పద్ధతిపై ఆయన విశేష కృషి చేశారు.

2005లో భట్నాగర్ పురస్కారం, 2013లో ఇన్ఫోసిస్ బహుమతి ఆయనను వరించాయి. 2016లో ఢిల్లీ ఐఐటీ డైరెక్టరుగా, 2023లో బిట్స్ పిలానీ వైస్ చాన్సలర్‌గా బాధ్యతలు చేపట్టారు. బొంబాయి ఐఐటీ పరిశోధనల నుంచి పుట్టిన నానోస్నిఫ్ సంస్థ పేలుడు పదార్థాల ఆనవాళ్లను పసిగట్టే పరికరాన్ని 2021లో వెలువరించింది. ఆ పదార్థాల అణువులు అంటుకోగానే అతి సూక్ష్మమైన రేకు వంగుతుంది. ఆ వంపును విద్యుత్ సంకేతంగా చదువుతారు.

పదవులకన్నా, పురస్కారాలకన్నా మిన్నగా ఎంచదగినది వేరొకటి ఉంది. నానో పరికరం తయారీకి ధూళిరహిత గది తప్పనిసరి. కంటికి కనిపించని నలుసు పడినా పని చెడుతుంది. అటువంటి గదిని నెలకొల్పే స్తోమత జిల్లా కళాశాలలకు ఎక్కడిది? కేంద్ర ప్రభుత్వ తోడ్పాటుతో 2006లో బొంబాయి ఐఐటీలోను, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోను నానోఎలక్ట్రానిక్స్ కేంద్రాలు వెలిశాయి. బొంబాయి కేంద్రం ప్రధాన పరిశోధకులలో రామ్‌గోపాలరావు ఒకరు. 2008 నుంచి ఈ రెండు కేంద్రాల తలుపులు ఇతర సంస్థల పరిశోధకులకూ తెరుచుకున్నాయి. సొంత ప్రయోగశాల లేనివారు సైతం తమ ఆలోచనతో వచ్చి, శిక్షణ పొంది, పరికరాన్ని స్వయంగా తయారు చేసుకుని వెళ్లే వీలు కలిగింది. సెమీకండక్టర్ పరిశ్రమకు 76,000 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్రం ఆమోదించింది ఆ తరువాత పదమూడేళ్లకు, 2021 డిసెంబరులో.