ఆకు, ప్లాస్టిక్, స్టీలు: ఏ పళ్లెం మేలు?

పిల్లలూ! అన్నవరం సత్యదేవుని ప్రసాదం మీలో చాలామంది తినే ఉంటారు. గోధుమనూక, పంచదార, నెయ్యి కలిపి వండి, ఆకులో పొట్లం కట్టి ఇస్తారు. తిన్నాక ఆకు పారేస్తాం. మరి పారేసేదంతా చెడ్డదేనా? కడిగి మళ్లీ వాడేదంతా మంచిదేనా? లెక్కకట్టి చూద్దాం.

ఒక వస్తువు తయారీ నుంచి చివరిదాకా భూమిని వేడెక్కించే వాయువులు ఎన్ని వెలువడతాయో, ఆ మొత్తమే దాని 'కర్బన పాదముద్ర'. వీటిలో ముఖ్యమైనది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్.

రత్నగిరి మీద పెళ్లి భోజనం అనుకోండి. 10 గ్రాముల పాలీప్రొపిలీన్ పళ్లెం తీసుకుందాం. ఈ ప్లాస్టిక్‌లో ప్రతి కార్బన్ పరమాణువుకు రెండు హైడ్రోజన్ పరమాణువులుంటాయి. కనుక 14 గ్రాములు కాలితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన పళ్లానికి 31 గ్రాములు! తయారీకయ్యే ఇంధనం దీనికి అదనం. కాల్చకపోతే అది కాలువల్లోకో, పశువుల కడుపులోకో చేరుతుంది. అందుకే 2022 జూలై 1 నుంచి ఇలాంటి పళ్లాలను మన దేశంలో నిషేధించారు.

ఇక 200 గ్రాముల స్టీలు పళ్లెం. కిలో స్టీలు తయారీలో 4 కిలోల వాయువు వెలువడుతుందనుకుంటే, పళ్లానికి 800 గ్రాములు. కడగడానికి 2 లీటర్ల నీళ్లు 100 మీటర్ల ఎత్తుకు తోడాలంటే సుమారు 2 కిలోజౌళ్ల శక్తి చాలు. మోటారులో పోయే నష్టం కలుపుకున్నా, బొగ్గు విద్యుత్తు లెక్కన ఒక గ్రాము వాయువే. అంటే పూటకు 30 గ్రాములు ఆదా. 27 భోజనాలకు పళ్లెం అప్పు తీరిపోతుంది. ఆ తర్వాత అంతా లాభమే.

కాని ఒక లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాస్తే 126 కిలోజౌళ్లు కావాలి. బొగ్గు విద్యుత్తుతో అయితే 35 గ్రాముల వాయువు. పూటపూటా ఇలా వేడినీళ్లతో కడిగితే ఈ లెక్కలో అప్పు ఎన్నటికీ తీరదు!

మరి ఆకు? అడ్డాకైనా, అరిటాకైనా తన కర్బనాన్ని గాలి నుంచే తీసుకుంది. కుళ్లినప్పుడు తిరిగి గాలికే ఇస్తుంది. అయితే గాలి తగలని చెత్తగుట్టలో కుళ్లితే మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడెక్కిస్తుంది. ఆకును ఎరువుగుంటలో వేసి, అప్పుడప్పుడు తిరగేస్తే ఈ బాధ ఉండదు. అడుగున ప్లాస్టిక్ పొర అంటించిన విస్తళ్లకు మాత్రం ఈ మాట వర్తించదు.

ఈసారి మీ ఇంట్లో శుభకార్యం జరిగితే, ఎన్ని విస్తళ్లు లేచాయో, అవి ఎక్కడికి చేరాయో మీరే చూసి లెక్క రాయండి.