గడ్డకట్టు నీరు

కర్నూలు జిల్లా పశ్చిమభాగమునందలి పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు వానలు తక్కువగా కురియు మెట్టసీమలు. వేసవిలో ఇచట ఎండ 40 డిగ్రీలను దాటుట కలదు. నీటివిలువను ఈ సీమవారికి వేరొకరు బోధింప నక్కరలేదు. మద్రాసు గవర్నరుగా నుండిన సర్ తామస్ మన్రో 1827 వ సంవత్సరము జులై 6 వ తేదీన పత్తికొండలో కలరా వ్యాధిచే మరణించెను. అతని జ్ఞాపకార్థము ఆ యూర ఒక బావిని కట్టించి, చెట్లతోపును నాటించిరి. నీరును, నీడయు కరవైన సీమలో ఇంతకంటె తగిన స్మారకచిహ్నము వేరొకటి యుండదు.

ఈ సీమలో నీటికి శత్రువు ఎండ. చెరువు లింకిపోవును, బావులు అడుగంటును. కావున నీటిని ఎండనుండి కాపాడుకొనుట యెట్లో ఇచటివారు తరతరములుగా నేర్చియున్నారు. నీటిని చలినుండి కాపాడవలెనన్న మాట మాత్రము వారికి వింతగా తోచును. మార్గశిర పుష్యమాసములలో తెల్లవారుజామున ఎంత వణకు పుట్టినను, పత్తికొండలో తొట్టినీరు రాయివలె గడ్డకట్టుట యెవ్వరును చూచియుండరు. కాని కాశ్మీరమున డిసెంబరు 21 వ తేదీ మొదలు 40 దినములు 'చిల్లై కలాన్' అను తీవ్రమైన చలికాలము. ఆ దినములలో శ్రీనగరమున కుళాయిలు బిగుసుకొనిపోవును. లడఖులో కాపలా కాయు సైనికులును, సరకులు తీసికొనిపోవు లారీ డ్రైవర్లును, చల్లని దేశములకు చదువులకై పోయిన విద్యార్థులును ఈ చిక్కును ఎదుర్కొనవలసినవారే.

చలి నీటికెట్టి హాని చేయునో 2021 వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున జరిగిన యుత్పాతము లోకమునకు చాటిచెప్పినది. టెక్సాసు వేడిమిగల సీమ. అచటి వేసవి పత్తికొండ వేసవికి తీసిపోదు. ఆదోని ప్రాంతమునందువలెనే అచటను ప్రత్తి విస్తారముగ పండును. డల్లాసు, హ్యూస్టను, ఆస్టిను నగరముల చుట్టును వేలకొలది తెలుగు కుటుంబములు కాపురముండుచున్నవి. ఆ నెల నడుమ ఉత్తరధ్రువ ప్రాంతపు చలిగాలి దక్షిణమునకు దిగివచ్చి రాష్ట్రమునెల్ల కప్పివేసెను. ఫిబ్రవరి 16 వ తేదీన డల్లాసులో ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీల సెంటీగ్రేడునకు పడిపోయెను.

విద్యుత్తు నుత్పత్తిచేయు యంత్రములును, వానికి ఇంధనవాయువు నందించు సాధనములును చలికి స్తంభించినవి. 40 లక్షలకు పైగా గృహములకును, వ్యాపారస్థలములకును విద్యుత్తు నిలిచిపోయెను. ఇండ్లు చల్లబడినకొలది గోడలలోను, అటకలమీదను ఉన్న నీటిగొట్టములు గడ్డకట్టి పగిలినవి. పైకప్పునుండి నీరు గదులలోనికి ధారలుగా కారినది. త్రాగుటకు మాత్రము అనేక గృహములందు కుళాయిలో చుక్కనీరు రాలేదు. వాకిటి మంచును పాత్రలలో కరగించి వాడుకొన్నవారు పెక్కుమంది. కోటిమందికి పైగా జనులను, నీరు కాచి త్రాగవలసినదని అధికారులు హెచ్చరించిరి. ఆ యుత్పాతమున 246 మంది మరణించిరని రాష్ట్రప్రభుత్వము లెక్కతేల్చినది.

అమెరికా ఉత్తరభాగమున మిన్నెసోటా అను రాష్ట్రము కలదు. అంతటి చలి అచట ప్రతి శీతకాలమునను సామాన్యము. ఐనను అచట ఇట్టి విపత్తు కలుగదు. అచటివారు నీటిగొట్టములను 7, 8 అడుగుల లోతున పాతిపెట్టుదురు. ఇంటిలోని గొట్టములను బయటిగోడలకు దూరముగ అమర్చుదురు. టెక్సాసువారు ఎండకు తగినట్లు ఇండ్లు కట్టుకొనిరే కాని, ఎన్నడో వచ్చు చలిని తలపలేదు. హాని కలిగించినది చలి యొక్కటియే కాదు. దానికి సిద్ధముగా నుండకపోవుటయు కారణమే.

ఇంతకును నీరు గడ్డకట్టినంతమాత్రమున గట్టి లోహపుగొట్టము ఏల పగులవలెను? సాధారణముగా వస్తువులు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచించును. నీరును 4 డిగ్రీల వరకు ఈ నియమమునే పాటించును. అంతకంటె చల్లబడినప్పుడు మాత్రము సంకోచించుటకు మారుగా వ్యాకోచింప నారంభించును. గడ్డకట్టునప్పుడు నీటి అణువులు ఆరుమూలల గూళ్లవలె ఖాళీలు విడిచి అమరును. అందుచే అవి మునుపటికంటె ఎక్కువ చోటు నాక్రమించును. 100 పడుల నీరు గడ్డకట్టినచో సుమారు 109 పడుల మంచుగడ్డ యగును. మంచుగడ్డ నీటిపై తేలుటకు ఇదియే కారణము.

ఈ గుణము ప్రకృతిలో మేలే చేయుచున్నది. చల్లని దేశములలో చెరువుల పైభాగము గడ్డకట్టి కప్పువలె నిలుచును; అడుగున నీరు గడ్డకట్టక యుండుటచే చేపలు బ్రదుకును. కాని మూసిన గొట్టములో వ్యాకోచించుటకు చోటెక్కడిది? గొట్టములో ఒకచోట మొదట మంచుబిరడా ఏర్పడును. అది క్రమముగా పెరుగుచు, తనకును మూసియున్న కుళాయికిని నడుమ చిక్కిన నీటిని నెట్టును. నీరు నొక్కుటకు లొంగునది కాదు. అందుచే ఒత్తిడి మిక్కుటమై, గొట్టము తన బలహీనమైన చోట పగులును. కావుననే గొట్టము గడ్డకట్టినచోటనే పగులవలెనను నియమము లేదు. పగులు వెంటనే బయటపడదు. మంచు కరగి నీరు కారినప్పుడే తెలియును. చలిరాత్రులలో కుళాయిని సన్నని ధారగా విడిచియుంచవలెనని పెద్దలు చెప్పుటలోని రహస్యమిదియే. తెరచియున్న కుళాయి యొత్తిడికి దారి చూపును.

నీరంతయు ఒక్కసారిగా గడ్డకట్టదు. స్కాట్లండు దేశీయుడైన జోసెఫ్ బ్లాకు అను శాస్త్రజ్ఞుడు 18 వ శతాబ్దమున ఒక సత్యమును కనుగొనెను. సున్న డిగ్రీల వద్దనున్న ఒక గ్రాము నీరు గడ్డకట్టవలెనన్నచో సుమారు 80 కెలోరీల వేడిని విడువవలెను. దానినే గుప్తోష్ణమందురు. 80 డిగ్రీల వేడినీరు సున్నవరకు చల్లారుటలో ఎంతవేడి పోవునో, సున్నవద్దనున్న అంతే నీరు మంచుగా మారుటలోను అంతవేడి పోవును. అందుచే పెద్దతొట్టిలోని నీరు గడ్డకట్టుటకు చాలకాలము పట్టును. సన్నని గొట్టములోని కొద్దినీరు అట్లుకాదు. కుండలోని రాగిసంగటి చాలసేపు పొగలు గ్రక్కుచుండును. అదే సంగటి పళ్లెములో పలుచగా పరచినచో క్షణములో చల్లారును. తొట్టికిని గొట్టమునకును గల భేద మట్టిదే. చలికి మొదట చిక్కునది సన్నని గొట్టమే.

ఈ సమస్య యంతయు చిన్నరూపమున స్పష్టముగా కానవచ్చు వస్తువొకటి కలదు. అది కాంపరు వాను. ఇల్లును, బండియు నొక్కటిగా చేసిన వాహనము. పడకయు, వంటబల్లయు అందే యుండును. మంచినీటితొట్టి, దానినుండి నీరు లాగు చిన్నపంపు, సన్నని గొట్టములు, నీరు కాగు బాయిలరు, కుళాయిలు, వాడిననీరు చేరు రెండవతొట్టి అందలి నీటిసాధనములు. పలుచని రేకుగోడలుగల ఈ బండి నలువైపులను చలిగాలికి గురియగును. దాని నీటిని కాపాడుటకు మార్గములు మూడు: వెచ్చదనమును నిలుపుట, నీటిని తొలగించుట, నీటికి గడ్డకట్టని గుణము కల్పించుట.

మొదటిమార్గము కంబళిమార్గము. ఆదోని, పత్తికొండ ప్రాంతముల గొఱ్ఱెలకాపరులు రాత్రులందు నల్లకంబళి కప్పుకొని మందకు కాపలా కాయుదురు. కంబళి స్వయముగా వేడిని పుట్టింపదు. దేహపువేడిని బయటకు పోనీయదు. ఉన్నినూలులో చిక్కిన గాలియే అందుకు కారణము. మంచుగడ్డలమ్మువాడు గడ్డపై రంపపుపొట్టుపోసి గోనె కప్పుటయు ఇట్టిదే. అచ్చట అది వెలుపలివేడిని లోనికి రానీయదు. 19 వ శతాబ్దమున అమెరికానుండి మద్రాసునకు ఓడలమీద మంచుగడ్డలు వచ్చినది రంపపుపొట్టు కాపుదలతోనే. బండిలో నీటిగొట్టములకు నురుగువంటి మెత్తని తొడుగులు తొడుగుదురు. తొట్టిని బండి యడుగున వ్రేలాడదీయక లోపల నమర్చుదురు. రాత్రివేళ గొట్టములున్న అరల తలుపులు తెరచి, గదిలోని వెచ్చనిగాలి వానికి తగులునట్లు చేయుదురు.

అయితే కంబళి కప్పినంతమాత్రమున రాయి వెచ్చబడదు. లోపల వేడి పుట్టించునది యేదియు లేనిచో తొడుగు చలిని ఆలస్యము చేయునేకాని ఆపజాలదు. ఎవరును కాపురములేక నిలిపియుంచిన బండికి రెండవమార్గమే శరణ్యము. నీరే లేనిచో గడ్డకట్టునది యేమి? మొదట బాయిలరు నార్పి, అందలి నీటిని చల్లారనిత్తురు. పంపు నాపి, అన్నిటికంటె దిగువనున్న బిరడాలను విప్పుదురు. పిమ్మట చన్నీటి కుళాయిలను, వేడినీటి కుళాయిలను అన్నిటిని తెరతురు. నూనెడబ్బాకు ఒకే రంధ్రము చేసినచో నూనె గుటగుటలాడుచు నిలిచి నిలిచి వచ్చును. గాలికి మరియొక రంధ్రము చేసినచో ధారగా వచ్చును. కుళాయిలను తెరచుట ఆ రెండవ రంధ్రము చేయుట వంటిది. నీరు నిలిచిన తరువాత కొద్దిసేపు పంపును నడపి, దానిలో మిగిలిన నీటినికూడ బయటకు నెట్టుదురు. గొట్టముల వంపులలో నిలిచిన నీటిని తక్కువ యొత్తిడిగల గాలితో ఊదివేయుదురు. గుక్కెడు నీరు ఒక్కవంపులో మిగిలినను, చేసిన శ్రమ వ్యర్థము కావచ్చును. బాయిలరులో నీరు లేనప్పుడు దానిని వెలిగింపరాదను మాట మరువరాదు.

మూడవమార్గము కుల్ఫీయమ్మువాని విద్యను తలపించును. అతడు మంచుముక్కలలో ఉప్పు కలుపును. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలకంటె చాల దిగువగాని గడ్డకట్టదు. ఉప్పు లోహమును తినివేయునుగాన గొట్టములలో దానిని వాడరు. దానికి మారుగా ప్రొపిలీను గ్లైకాలు అను ద్రవమును గొట్టముల వంపులలోను, వంటబల్ల క్రింది నీటివంపులోను పోయుదురు. మరల బండిని వాడునప్పుడు మంచినీటితో గొట్టములను బాగుగ కడిగివేయుదురు. లారీల రేడియేటరులలో పోయు ఇథిలీను గ్లైకాలు వేరు. దానిని సగపాలు నీటితో కలిపినచో సున్నకు దిగువ సుమారు 37 డిగ్రీలవరకు గడ్డకట్టదు. కాని అది విషము. తియ్యగానుండు ఆ విషమును త్రాగునీటి గొట్టములలో ఎన్నడును పోయరాదు.

ఇంత జాగ్రత్తపడినను గొట్టము గడ్డకట్టినచో తొందరపాటు పనికిరాదు. ముందు పంపును, నీటి రాకను నిలుపవలెను. కుళాయిని తెరచియుంచి, కుళాయివైపునుండి మొదలిడి గోరువెచ్చని గుడ్డలతో గొట్టమును మెల్లగా వెచ్చజేయవలెను. కరగిన నీరు బయటకు పోవుటకు దారియుండుటకే ఈ క్రమము. మంటతో కాచినచో గొట్టము చెడును. బండికి నిప్పంటుకొను ప్రమాదము కలదు.

అంతకంటె ఘోరమైన ప్రమాదము మరియొకటి యున్నది. మూసిన గదిలో బొగ్గులకుంపటి పెట్టినను, మూసిన కొట్టములో మోటారుబండిని నడపినను కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. నిద్రించువారిని నిద్రలోనే చంపును. టెక్సాసు చలిలో వెచ్చదనమునకై ఇట్లుచేసి కొందరు ప్రాణములు గోల్పోయిరి. గొట్టము పగిలినచో క్రొత్తది తేవచ్చును. ప్రాణము పోయినచో తిరిగి రాదు.

పత్తికొండలో కుండకు తడిగుడ్డ చుట్టి నీటిని చల్లబరచు తల్లియు, చలిదేశమున గొట్టమునకు తొడుగు తొడిగి నీటిని వెచ్చగా నుంచు గృహస్థుడును వేడిమి రాకపోకలనే అదుపుచేయుచున్నారు. ఒకచోట దానిని సాగనంపవలెను, వేరొకచోట నిలుపుకొనవలెను. ఇద్దరికిని ఆధారమైన ప్రకృతినియమము లొక్కటియే. నేడు పత్తికొండ బడిలో చదువు బాలుడు రేపు లడఖులో సైనికుడు కావచ్చును. చదువుకొను బాలిక డల్లాసులో గృహము నడపవచ్చును. టెక్సాసువలె ఎన్నడు చలియెరుగని చోటికి చలివచ్చినను, నీటి స్వభావము నెరిగి ముందుగా సిద్ధపడినవారి యింట కుళాయి ఎండదు.